తెల్లచీర మాత్ర

గంగాదేవి ఎవరింటికి వెళ్ళినా ముందు చాట అడుగుతుంది. మంచినీళ్ళు తర్వాత, కుర్చీ తర్వాత. అవనిగడ్డకు దిగువన పంటకాలవ చివర ఉన్న ఆ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆమె ఆశా వర్కరు. చదివింది ఏడో తరగతి, అదీ పూర్తిగా కాదు, పరీక్షల ముందు పెళ్ళి కుదిరింది. ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చి ఆ చాటలో కుమ్మరించమంటుంది. గూట్లోవి, దిండు కిందవి, డబ్బాలో పడేసి మర్చిపోయినవి, కొంగున ముడేసుకున్నవి, అన్నీ. ఇక గడప దగ్గర వెలుతురులో కూచుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతుంది. తేదీ దాటినవి ఒక మూలకి, పక్కింటివాళ్ళు ఇచ్చినవి ఒక మూలకి, పేరున్న భాగం కత్తిరించేసిన ముక్కలు ఇంకో మూలకి.

ఊరికే పుట్టిన అలవాటు కాదది. వాళ్ళత్తగారు బందరులో డాక్టరు రాసిన బీపీ బిళ్ళ వేసుకునేది. గుడివాడలో కూతురింట్లో ఉన్నప్పుడు ఇంకో డాక్టరు ఇంకోటి రాశాడు. ముందుది ఏమైనా ఉందా అని ఆయనా అడగలేదు, ఉందని ఈవిడా చెప్పలేదు. రెండూ వేసుకుంది. రంగులు వేరు, పేర్లు వేరు. ఒకనాడు పొద్దున్నే బోరింగు దగ్గర కళ్ళు తిరిగి పడి, తుంటి విరిగి, మంచాన పడి మళ్ళీ లేవలేదు. పెద్దకర్మ అయ్యాక గంగాదేవి ఇల్లు సర్దుతూ ఆ రెండు అట్టలూ చాటలో పక్కపక్కన పెట్టి చూసింది. కింద చిన్నక్షరాల్లో రెండింటి మీదా ఒకటే మందు. అప్పటినుంచి ఆమెకు చాట కావాలి.

ఆమె వీధిలోకి వస్తుంటే సంతోషంగా ఎదురెళ్ళేవాళ్ళలో మొదటిది భాగ్యమ్మ. అలాంటి భాగ్యమ్మ, ఆ బుధవారం పొద్దున గంగాదేవి నీలంచీర కాలవగట్టు మీద కనిపించగానే లోపలికెళ్ళి చాటను బియ్యం బస్తా వెనక్కి తోసేసింది.

ఎందుకు తోసిందో తెలియాలంటే భాగ్యమ్మ చేతుల సంగతి చెప్పుకోవాలి.

భాగ్యమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. ఊడ్పుల్లో ఆమె వరస ఎప్పుడూ ముందుండేది. అంతకన్నా పెద్ద పేరు డోలక్కుది. చర్చిలో మగవాళ్ళెవరు వాయించినా పాటకు డోలక్కు తోడొస్తున్నట్టుండేది. భాగ్యమ్మ వాయిస్తే డోలక్కు ముందు నడిచి పాటను వెంటబెట్టుకెళ్ళేది. అలాంటిది మూడేళ్ళ కిందట వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దున లేచేసరికి పిడికిలి విడదు. కణుపులు ఉబ్బిపోయి అల్లం కొమ్ముల్లా అయ్యాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక, ఆ పని మొగుడు నతానియేలు చేత చేయించుకుంటూ ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. డోలక్కు అటక ఎక్కింది.

చివరికి నతానియేలు రొయ్యల చెరువు కాపలాకి సెలవు పెట్టి గుడివాడ తీసుకెళ్ళాడు. కీళ్ళ డాక్టరు పిచ్చేశ్వరరావు గారు రక్తపరీక్షలు చేయించి ఓ చిన్న పసుపుపచ్చ మాత్ర రాశారు. "వారానికి ఒకటే అమ్మా. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, అన్నం తిన్నాక వేసుకోండి," అని ఆమె చేతిలోని బైబిలు సంచి వైపు చూసి నవ్వుతూ చెప్పారు. దాని వల్ల ఒంటికి చెరుపు జరక్కుండా గురువారం వేసుకోమని ఇంకో మాత్ర ఇచ్చారు. నోరు పూసినా, జ్వరం వచ్చినా వెంటనే ఫోను చెయ్యమని కూడా అన్నారు.

భాగ్యమ్మకు చదువు రాదు. ఏది గుర్తుండాలన్నా దేనికో ఒకదానికి ముడేసుకుంటుంది. ఈ మాత్రను తెల్లచీరకు ముడేసింది. ఆదివారం ప్రార్థనకు తెల్లచీర కట్టుకుంటుంది కదా. మాత్రల అట్టను బైబిలు సంచిలో పాటల పుస్తకం పక్కన పెట్టింది. చర్చి నుంచి రావడం, అన్నం తినడం, తెల్లచీర మడత పెట్టడం, మాత్ర వేసుకోవడం. ఎనిమిది నెలల్లో ఒక్క ఆదివారం తప్పలేదు.

ఆ మాత్ర ఏం చేసిందంటే, మూడో నెలకు పిడికిలి విడింది. నాలుగో నెలకు హుక్కులు తనే పెట్టుకుంది. క్రిస్మసుకు డోలక్కు అటక దిగింది. "ఇహ నాకు సెలవా?" అన్నాడు నతానియేలు. "నువ్వు పెడితే ఒక హుక్కు ఎప్పుడూ తప్పేది, పో," అంది భాగ్యమ్మ, కానీ ఆ రోజు కోడికూర వండింది.

ఈ మధ్యలో 'వారానికి ఒకటే' అన్న ముక్క ఎక్కడ జారిపోయిందో జారిపోయింది. 'చర్చికెళ్ళొచ్చాక' అన్న ముక్క మిగిలింది. ఒంట్లో బాగుంది కదాని గురువారం మాత్రను కూడా మానేసింది.

ఇంతలో ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు వచ్చాయి. ఆ నలభై రోజులూ వాళ్ళ పేటలో రోజూ సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన జరుగుతుంది. ఆడవాళ్ళందరూ తెల్లచీరలు కట్టుకుని చాపల మీద కూచుంటారు. భాగ్యమ్మ డోలక్కు లేకుండా ఏ ఇంట్లోనూ పాట ఎత్తుకోరు. మొదటి రోజు ఇంటికొచ్చి తెల్లచీర మడత పెడుతుంటే చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. ఒక్క క్షణం ఆగింది. ప్రార్థనకెళ్ళొచ్చాక కదా వేసుకోమన్నది, ఇప్పుడు రోజూ ప్రార్థనే కదా అనుకుంది. అడుగున ఇంకో ఆశ కూడా ఉంది. వారానికొకటే ఇంత చేస్తే, రోజూ వేసుకుంటే చేతులు పదహారేళ్ళ పిల్లవైపోవూ?

అలా పదకొండు రోజులు.

ఎనిమిదో రోజుకు నోట్లో పుండ్లు లేచాయి. ఊళ్ళో ఎవర్నడిగినా ఒకటే మాట, "ఉపవాసాలు కదా, వేడి చేసింది." కాలవకు అవతల మేడింటి మంగతాయారు గారికి భాగ్యమ్మంటే అభిమానం. కాలవ మీద తాటిపట్టె దాటొచ్చి సబ్జా నీళ్ళూ, చలవ చేస్తుందని పెసరకట్టూ ఇచ్చింది. ఒళ్ళునొప్పులంటే తన మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు నాలుగు కత్తిరించి మరీ ఇచ్చింది.

"బందరులో పెద్ద డాక్టరు రాసిందే భాగ్యం. పూటకోటి వెయ్యి, లేచి కూచుంటావు."

భాగ్యమ్మ లేచి కూచోలేదు. పదకొండో రోజుకు మజ్జిగ తాగినా నోరు మండిపోతోంది. పళ్ళు తోముకుంటే నెత్తురు. చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. రాత్రికి వెచ్చగా జ్వరం. నతానియేలు "ఆసుపత్రికి పోదామే" అంటే, "రేపు మనింట్లో ప్రార్థన పెట్టుకుని ఆసుపత్రేంటి?" అని కసిరింది.

ఆమెకు మనసులో తెలుసు. ఏదో తప్పు జరిగింది. అయితే నోరు విప్పి చెబితే ఏమవుతుంది? మందు పడలేదంటారు. ఆపేస్తారు. మళ్ళీ పిడికిలి బిగుస్తుంది. మళ్ళీ డోలక్కు అటక ఎక్కుతుంది. నోటిపుండ్లు నాలుగు రోజుల్లో తగ్గుతాయి, చేతులు పోతే రావు. అందుకే చాట బస్తా వెనక్కి వెళ్ళింది.

గంగాదేవి గడపలోకి వచ్చింది. "భాగ్యం పిన్నీ, బీపీ చూసే సర్వే. చెయ్యి ఇలా ఇవ్వు. ముందు చాట."

"చాట... మంగతాయారు గారు పట్టుకెళ్ళారు."

"మేడింట్లో చాటలు లేవూ?"

"మినుములు చెరగడానికమ్మా."

గంగాదేవి ఆమె చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. బీపీ మిషను పట్టీ కట్టబోయి ఆగింది. మోచేతి మీద నల్లమచ్చ చూసింది. పక్కన గిన్నెలో చల్లారిన గంజి, దాని మీద కట్టిన మీగడ చూసింది. భాగ్యమ్మ పెదవులు కదలకుండా మాట్లాడుతోందని గమనించింది.

"నోరు తెరు పిన్నీ."

"వేడి చేసిందే గంగా. ఉపవాసం."

"నువ్వు ఉపవాసం ఎప్పుడున్నావు? పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర నిన్ను చూడని రోజు లేదు. తెరు."

భాగ్యమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే పెదవి చిట్లింది. ఆ చిట్లిన పెదవి వెనక తెల్లగా పూసిన నోరంతా కనబడింది. గంగాదేవి మొహంలో నవ్వు పోయింది. లేచి, తిన్నగా బియ్యం బస్తా వెనక్కి వెళ్ళి చాట తీసుకొచ్చింది. దాచిన చోటు ఎలా తెలిసిందో మరి. ఇన్ని ఇళ్ళు తిరిగిన మనిషికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"అన్నీ పొయ్యి. తిట్టను. ఒట్టు."

నిజంగానే తిట్టదు, అదే ఆమె గొప్ప. ఆసుపత్రిలో తిడతారని దాచినవాళ్ళు కూడా ఆమె ముందు చాటలో పోస్తారు. భాగ్యమ్మ నొప్పుల బిళ్ళలు పోసింది. ముట్టుకోని గురువారం మాత్రల అట్ట పోసింది. అక్కడితో ఆగిపోయింది.

"కీళ్ళ మందు?"

భాగ్యమ్మ బైబిలు సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "ఇది మాత్రం అడగకే. ఇది ఆపితే నా చేతులు పోతాయి. నీకు తెలీదు, జాకెట్టు కూడా వేసుకోలేకపోయేదాన్ని."

గంగాదేవి ఆమె ముందు గొంతుక్కూచుంది. "ఆపుతారో లేదో నాకూ తెలీదు పిన్నీ. నేను డాక్టర్ని కాను. ఆపరని మాటివ్వలేను. ఒక్క మాట మాత్రం ఇస్తా. నీ చేతుల సంగతి డాక్టరు మర్చిపోయినా నేను మర్చిపోను. మళ్ళీ ఇస్తారా లేదా అని నీ తరఫున నేనే అడుగుతా. ఇప్పుడు ఇటివ్వు."

ఇంకెవరైనా అయితే, ఏం కాదులే అని తేల్చేసి సంచి లాక్కునేవాళ్ళు. తెలియనిది తెలియదని చెప్పినందుకే భాగ్యమ్మ పట్టు సడలింది. సంచి ఇచ్చేసింది.

గంగాదేవి సంచిలోని అట్టలు రెండూ తీసి చాటలో పరిచి మాత్రలు లెక్కపెట్టింది. ఏడు. నతానియేలును పిలిచి అడిగింది. "బాబాయ్, గుడివాడ ఎప్పుడెళ్ళారు? ఎన్ని తెచ్చారు?"

"ఇరవై తెచ్చాం. ఇరవై అయిదు రోజులైంది."

"వారానికి ఒకటి చొప్పున నాలుగు పోవాలి. పదమూడు పోయాయి." ఆమె తలెత్తి భాగ్యమ్మ కేసి చూసింది. "ఎప్పుడెప్పుడు వేసుకున్నావు పిన్నీ?"

"ప్రార్థనకెళ్ళొచ్చినప్పుడల్లా."

గంగాదేవి దండెం వైపు చూసింది. ఉతికి ఆరేసిన తెల్లచీరలు మూడు గాలికి ఊగుతున్నాయి. ఆమెకు లెక్క తేలిపోయింది. ఫోను తీసి ఆరోగ్యకేంద్రం డాక్టరు సుధీర్ గారికి చేసింది. అట్ట మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను, తప్పు చదువుతానేమోనని, ఒక్కొక్కటే వేలు పెట్టి చదివి వినిపించింది. ఎన్ని పోయాయో, ఎన్ని రోజుల్లో పోయాయో చెప్పింది. నోరు, నెత్తురు, మచ్చలు, జ్వరం, పక్కింటి నొప్పుల బిళ్ళలు, ఒక్కటీ వదల్లేదు. అవతలి గొంతు గట్టిగా వినబడింది.

"అది మెథోట్రెక్సేటు. రోజూ వేసుకుంటే లోపల రక్తం తయారవడమే ఆగిపోతుంది. ఇప్పుడే బందరు తీసుకెళ్ళండి, సాయంత్రం దాకా ఆగొద్దు. ఆ మాత్రలన్నీ వెంట పట్టుకెళ్ళండి."

నతానియేలు గబగబా చొక్కా తొడుక్కున్నాడు. భాగ్యమ్మకు భయం వేసింది కానీ నోట వచ్చిన మాట వేరు. "మరి సాయంత్రం ప్రార్థన? డోలక్కెవరు వాయిస్తారు?"

"నేను వాయిస్తా. పద," అంది గంగాదేవి. డోలక్కు ఎటు నుంచి పట్టుకోవాలో కూడా తెలియదామెకు. ఆ మాటకు భాగ్యమ్మ ఏడుస్తూనే నవ్వింది.

నూటెనిమిది బండి వచ్చింది. గంగాదేవి మందులున్న చాటను అలాగే తుండుగుడ్డతో మూట కట్టి ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. మంగతాయారు గారు గట్టు మీద నిలబడి, "నా బిళ్ళల వల్ల ఏమైనా అయిందా గంగా?" అని బిక్కమొహంతో అడిగింది. "తర్వాత మాట్లాడుకుందాం అమ్మగారూ, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకండి," అని గంగాదేవి బండి తలుపేసుకుంది. మోపిదేవిలో గుడికొచ్చిన జనం రోడ్డుకడ్డంగా నడుస్తుంటే బండి కూత పెట్టుకుంటూ దాటింది. గంగాదేవి ఒంటిచేత్తోనే గుడి వైపు దణ్ణం పెట్టింది. భాగ్యమ్మ కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. ఇద్దరి రెండో చేతులూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

బందరు ఆసుపత్రిలో చాట మూట చూసి ఓ కుర్ర నర్సు, "ఇదేంటి పిన్నిగారూ, పెళ్ళి సారెనా?" అంది. డ్యూటీ డాక్టరు పూర్ణిమ గారు మాత్రం మూట విప్పించి, మూలమూలకీ వేరు చేసి ఉన్న అట్టల్ని ఒక్కొక్కటే తీసి చూశారు.

"ఎవరు సర్దారివి?"

"నేనేనండీ. ఇవి వేసుకున్నవి, ఇవి మానేసినవి, ఇవి వేరేవాళ్ళవి."

"మందు ఏంటో, ఎన్ని పోయాయో తెలుసుకోవడానికి మాకు సగం రోజు పట్టేది," అన్నారు డాక్టరమ్మ. నొప్పుల బిళ్ళలు వేలితో పక్కకు తోసి, "ఇవి కూడా తోడైతే ఆ మందు ఒంట్లోంచి తొందరగా పోదు. రెండు రోజులు ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదు," అన్నారు.

భాగ్యమ్మ తొమ్మిది రోజులు మంచం మీద ఉంది. విరుగుడు ఇంజెక్షన్లు చేశారు, రోజూ రక్తం తీశారు. తెల్లకణాలు పడిపోయాయన్నారు, దగ్గరికి ఎవర్నీ రానివ్వద్దన్నారు. మూడు రోజులు మింగడానికి లేక సెలైనే తిండి. అయిదో రోజున లెక్క కాస్త పైకి లేచింది. ఏడో రోజున మెత్తగా జావ దిగింది. గంగాదేవి సర్వే పని చూసుకుంటూనే రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చి, గుమ్మం బయట నుంచే చెయ్యూపి వెళ్ళేది.

ఇంటికి పంపే రోజున పూర్ణిమ గారు కాగితాలు చేతికిస్తుంటే గంగాదేవి కదల్లేదు.

"ఒక్క మాటండీ. ఈవిడ చేతులు ఈ మందుతోనే విడ్డాయి. మళ్ళీ ఇస్తారా?"

భాగ్యమ్మ తలెత్తి చూసింది. మర్చిపోలేదు. తొమ్మిది రోజుల తర్వాత కూడా ఈ పిల్ల మర్చిపోలేదు.

"మందు చెడ్డది కాదమ్మా," అన్నారు డాక్టరమ్మ. "వారానికొకటి వేసుకున్నంత కాలం ఎంత మేలు చేసిందో చూశారుగా. ఇప్పుడే మాత్రం వద్దు. రక్తం పూర్తిగా కుదుటపడాలి. తర్వాత గుడివాడ డాక్టరు గారు చూసి, ఇవ్వొచ్చంటే తక్కువతో మొదలుపెడతారు. రక్తపరీక్ష మాత్రం తప్పించకూడదు."

ఈస్టరుకు భాగ్యమ్మ వేళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలుపెట్టాయి. తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థనకు ఆమె డోలక్కు తేలేదు. చప్పట్లు కూడా మెత్తగా కొట్టింది. నతానియేలు హుక్కులు పెట్టాడు, ఈసారి ఒక్కటీ తప్పలేదు. వేసవి అంతా అలాగే గడిచింది. జూన్లో పిచ్చేశ్వరరావు గారు రిపోర్టులన్నీ చూసి, "సరే, మొదలుపెడదాం. కానీ అట్ట ఈవిడ చేతికి ఇవ్వొద్దు," అన్నారు.

ఆ అట్ట ఎక్కడుండాలన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. నతానియేలు చెరువు మీద పడుకునే మనిషి. గంగాదేవి ఇంటి పట్టున ఉండదు. చివరికి మంగతాయారు గారే కాలవ దాటొచ్చింది. "నా దగ్గరుంచండి. మా దేవుడి గూట్లో పెడతా. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. ఆదివారం ఒక్కటే తీసి ఇస్తా." వెళ్ళబోతూ గంగాదేవి చెవిలో గుసగుసలాడింది. "మా ఇంటికెప్పుడొస్తావు? మా చాట పెద్దది. నా బిళ్ళలన్నీ చూస్తే మా ఆయన గొడవ చేస్తారు, ఆయన్ని బయటికి పంపి కబురు పెడతా."

అలా ఏసయ్య బిడ్డ భాగ్యమ్మ మందు, మంగతాయారు గారి వెంకటేశ్వరస్వామి పటం కింద చేరింది. ఆదివారం మధ్యాహ్నం తెల్లచీరతో భాగ్యమ్మ గట్టు మీదికొచ్చి కేక వేస్తుంది. "అమ్మగారూ, అన్నం తిన్నాను!" అవతల నుంచి, "నోరేమైనా పూసిందా?" "లేదు!" "జ్వరం?" "లేదండీ!" అప్పుడు ఆవిడ తాటిపట్టె మీద నడిచొచ్చి ఒక్క మాత్ర అరచేతిలో పెడుతుంది. గురువారం మాత్రకు కూడా ఇదే వరస.

ఆగస్టులో ఒక బుధవారం సాయంత్రం వాళ్ళ పేటలో ఎవరో కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టారు. భాగ్యమ్మ తెల్లచీర కట్టుకుంది. డోలక్కు పట్టుకెళ్ళింది. మునుపటంత వేగం లేదు, కానీ వేళ్ళు విడ్డాయి. వెనక వరసలో గంగాదేవి, పిలవకపోయినా వచ్చి, తాళం తప్పు కొడుతూ కూచుంది.

ఇంటికొచ్చి చీర మడత పెడుతుంటే భాగ్యమ్మ చెయ్యి అలవాటుగా బైబిలు సంచిలోకి వెళ్ళింది. వేళ్ళకు పాటల పుస్తకం తగిలింది. దాని పక్కన ఏమీ లేదు. ఆమె ఆ ఖాళీని ఓసారి తడిమి చూసుకుని, సంచి కొక్కేనికి తగిలించి, డోలక్కు మీద గుడ్డ కప్పింది.